ది పోలీస్ పునస్సమాగమ కచేరీ యాత్ర (2007–2008)

ది పోలీస్ పునస్సమాగమ కచేరీ యాత్ర అనేది ది పోలీస్ అనే ఆంగ్ల పాప్–రాక్ సంగీత బృందం 2007 మే 28 నుండి 2008 ఆగష్టు 7 వరకు వివిధ దేశాలలో నిర్వహించిన కచేరీల పరంపర. 1984లో సంగీత యాత్రలు మాని, 1986లో పూర్తిగా విడిపోయిన ఈ బృందంలోని ముగ్గురు సభ్యులు స్టింగ్, స్టువర్ట్ కోప్‌లాండ్, ఆండీ సమ్మర్స్ సుమారు రెండు దశాబ్దాల తరువాత కలిసి చేసిన పూర్తిస్థాయి యాత్ర ఇది. కెనడాలోని వాంకోవరు నగరంలో మొదలై అమెరికాలోని న్యూయార్కు నగరంలో ముగిసింది. దాదాపు 150 కచేరీలు జరిగాయి. సుమారు 37 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోయాయి. 35 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. ఆ కాలానికి ప్రపంచంలో అత్యధిక ఆదాయం పొందిన సంగీత యాత్రలలో ఇది ఒకటి.

ఈ యాత్ర కోసం బృందం ఒక్క కొత్త పాట కూడా రచించలేదు. కొత్త ఆల్బమ్ విడుదల చేయలేదు. ముందుగా ప్రకటించినట్లుగానే యాత్ర ముగియగానే ముగ్గురూ మళ్ళీ ఎవరి దారిన వారు వెళ్ళారు. విడిపోయిన బృందాలు తిరిగి కలవడం వెనుక ఉండే ఆకర్షణ, అటువంటి కలయికకు ఉండే పరిమితి, రెండింటికీ ఈ యాత్ర ఉదాహరణగా నిలిచింది.

బృందం పుట్టుక

ది పోలీస్ బృందం 1977లో లండన్ నగరంలో ఏర్పడింది. స్థాపకుడు డ్రమ్ము వాద్యకారుడు స్టువర్ట్ కోప్‌లాండ్ (జననం 1952). ఇతడు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.లో అధికారి కావడం వలన బాల్యం కైరో, బీరూటు నగరాలలో గడిచింది. బృందానికి "పోలీస్" అన్న పేరు పెట్టినది ఇతడే. ఇతని అన్న మైల్స్ కోప్‌లాండ్ బృందం వ్యవహారాలు చూసే మేనేజరుగా, మరొక అన్న ఇయాన్ కోప్‌లాండ్ కచేరీలను కుదిర్చే ప్రతినిధిగా వ్యవహరించారు.

గాయకుడు, బేస్ గిటారు వాద్యకారుడు అయిన స్టింగ్ అసలు పేరు గోర్డన్ సమ్నర్ (జననం 1951). ఇతడు ఉత్తర ఇంగ్లాండులో ఓడల నిర్మాణానికి పేరుపొందిన వాల్‌సెండ్ పట్టణానికి చెందినవాడు. సంగీతమే వృత్తిగా స్వీకరించడానికి ముందు ఉపాధ్యాయ శిక్షణ పొంది, క్రామ్లింగ్టన్ అనే ఊరిలో బడిపంతులుగా రెండేళ్ళు పనిచేశాడు.

తొలి గిటారు వాద్యకారుడు ఫ్రాన్సు దేశపు కోర్సికా ద్వీపానికి చెందిన హెన్రీ పాడొవానీ. కొద్ది నెలలలోనే అతని స్థానంలోకి ఆండీ సమ్మర్స్ (జననం 1942) వచ్చాడు. మిగిలిన ఇద్దరికంటే దాదాపు పదేళ్ళు పెద్దవాడైన సమ్మర్స్‌కు అప్పటికే వివిధ బృందాలలో వాయించిన అనుభవం ఉంది.

1978 నుండి 1983 వరకు ఈ ముగ్గురూ ఐదు ఆల్బమ్‌లు వెలువరించారు. అవి:

అవుట్‌లాండోస్ డామూర్ (1978)
రెగాటా డి బ్లాంక్ (1979)
జెన్యాటా మొండాటా (1980)
ఘోస్ట్ ఇన్ ది మెషీన్ (1981)
సింక్రొనిసిటీ (1983)

పునస్సమాగమ యాత్రలో పాడిన పాటలన్నీ ఈ ఐదు ఆల్బమ్‌ల కాలానికి చెందినవే. అప్పుడప్పుడు పాడిన ఇతరుల పాటలు మాత్రమే దీనికి మినహాయింపు.

సంగీత లక్షణాలు

ఈ బృందం సంగీతంలో మూడు ధోరణులు కలిశాయి. మొదటిది 1970ల చివర లండన్‌లో బయలుదేరిన పంక్ సంగీతపు వేగం. రెండవది జమైకా దేశపు రెగ్గే సంగీతపు లయ. మూడవది జాజ్ సంగీతంలో ఆరితేరిన వాద్యకారుల పనితనం. సాధారణ రాక్ సంగీతంలో తాళపు ప్రధానమైన దెబ్బల మీద ఊనిక ఉంటుంది. రెగ్గేలో ఆ దెబ్బల నడుమ ఉండే ఖాళీలో గిటారు మోగుతుంది. కోప్‌లాండ్ తన డ్రమ్ముల మీద ఈ ఖాళీలను సన్నని తాళపు పళ్ళెపు చప్పుళ్ళతో అలంకరించేవాడు. సమ్మర్స్ గిటారు ప్రతిధ్వనించే యంత్రాల సాయంతో ఒక్కడే ఇద్దరు ముగ్గురు వాయిస్తున్న భ్రమను కలిగించేవాడు. బేస్ గిటారు వాయిస్తూనే స్టింగ్ హెచ్చు స్థాయిలో పాడేవాడు.

వాద్యకారులు ముగ్గురే కావడం వలన ఒకరి పొరపాటును మరొకరు కప్పిపుచ్చే అవకాశం తక్కువ. పునస్సమాగమ యాత్రలో ఎదురైన ఇబ్బందులను అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యం.

కర్తృత్వం, విభేదాలు

బృందం పాటలలో అత్యధిక భాగం స్టింగ్ రచించినవి. సాహిత్యం, బాణీ అతనివి. వాటికి వాద్యాల అమరిక మాత్రం ముగ్గురూ కలిసి చేసేవారు. పాశ్చాత్య సంగీత వ్యాపారంలో రచయితకు దక్కే రాయల్టీ వేరు, వాద్యకారునికి దక్కే రాయల్టీ వేరు. రేడియోలో పాట ప్రసారమైనప్పుడు, మరొకరు ఆ పాటను వాడుకున్నప్పుడు ప్రధానమైన ఆదాయం రచయితకే చేరుతుంది.

"ఎవ్రీ బ్రెత్ యూ టేక్" అనే పాట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1983లో విడుదలైన ఈ పాట అమెరికాలో ఎనిమిది వారాల పాటు ప్రథమ స్థానంలో నిలిచింది. రచయితగా స్టింగ్ పేరొక్కటే ఉంది. కాని పాట మొదటి నుండి చివరి వరకు వినిపించే గిటారు స్వరక్రమాన్ని కల్పించినవాడు సమ్మర్స్. 1997లో అమెరికా గాయకుడు పఫ్ డాడీ ఆ గిటారు భాగాన్నే ఆధారం చేసుకొని మరొక పాటను విడుదల చేసినప్పుడు రచయిత రాయల్టీ స్టింగ్‌కు చెందింది. 2019లో బి.ఎం.ఐ. సంస్థ, తన జాబితాలోని పాటలలో రేడియోలో అత్యధిక పర్యాయాలు ప్రసారమైనది ఇదేనని ప్రకటించింది. పాట అంటే సాహిత్యము, బాణీ మాత్రమేనా, లేక దానికి రూపమిచ్చిన వాద్యం కూడానా అన్న ప్రశ్న ఈ బృందాన్ని మొదటి నుండి చివరి వరకు వెంటాడింది.

స్టింగ్, కోప్‌లాండ్‌ల మధ్య స్వభావపరమైన భేదం కూడా ఉంది. స్టింగ్‌కు సంగీతం లోకపు రొద నుండి తప్పించే ప్రశాంతమైన ఆశ్రయమని, తనకు మాత్రం అది పదిమందితో చేసుకునే సంబరమని కోప్‌లాండ్ తరువాతి కాలంలో వివరించాడు. కరీబియన్ సముద్రంలోని మాంట్సెరాట్ ద్వీపంలో సింక్రొనిసిటీ ఆల్బమ్‌ను ముద్రించేటప్పుడు ముగ్గురూ మూడు వేర్వేరు గదులలో కూర్చుని వాయించారు. కోప్‌లాండ్ డ్రమ్ములను భోజనశాలలో అమర్చారు. ధ్వని నాణ్యత కోసమే ఈ ఏర్పాటు చేసినప్పటికీ, అప్పటి వారి సంబంధాలకు అది తగినట్లుగానే ఉంది.

విడిపోవడం

1983 ఆగష్టు 18న న్యూయార్కులోని షే స్టేడియంలో సుమారు 70,000 మంది ప్రేక్షకుల ముందు బృందం కచేరీ చేసింది. ఇంతకుమించి ఎక్కవలసిన మెట్టు లేదని, విరమించడానికి అదే తగిన సమయమని ఆనాడే తనకు తోచినట్లు స్టింగ్ ఆ తరువాత చెప్పాడు. ఆ యాత్ర 1984 మార్చిలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ముగిసింది. బృందం రద్దయినట్లు అప్పట్లో ప్రకటన ఏదీ వెలువడలేదు. ప్రఖ్యాతి శిఖరాన ఉండగానే సభ్యులు ఎవరి పనులలో వారు పడిపోయారు.

1986 జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ కోసం అమెరికాలో జరిగిన మూడు కచేరీలలో బృందం పాల్గొన్నది. చివరి కచేరీలో తమ వాద్యాలను యూటూ అనే ఐర్లాండు బృందం చేతికి అందించి వేదిక దిగారు. ఆ వేసవిలోనే కొత్త ఆల్బమ్ కోసం సమావేశమయ్యారు. పని మొదలుపెట్టే ముందు కోప్‌లాండ్ గుర్రం మీద నుండి పడి జత్రుక (కాలర్‌బోన్) విరగగొట్టుకున్నాడు. డ్రమ్ములు వాయించే వీలు లేకపోవడంతో, 1980 నాటి "డోంట్ స్టాండ్ సో క్లోజ్ టు మీ" పాటను యంత్రపు తాళంతో తిరిగి ముద్రించడం మినహా ప్రధానమైన ఫలితం లేకుండానే ఆ ప్రయత్నం ముగిసింది.

మధ్యకాలం (1986–2006)

తరువాతి ఇరవై ఏళ్ళలో స్టింగ్ ఒంటరి గాయకుడుగా గొప్ప ప్రఖ్యాతి పొందాడు. కోప్‌లాండ్ "రంబుల్ ఫిష్", "వాల్ స్ట్రీట్" వంటి చలన చిత్రాలకు సంగీతం సమకూర్చాడు. సమ్మర్స్ వాద్య సంగీతపు ఆల్బమ్‌లు వెలువరిస్తూ, ఛాయాచిత్రకారుడుగా కూడా గుర్తింపు పొందాడు.

ఈ కాలంలో ముగ్గురూ కలిసి వాయించిన సందర్భాలు చాలా తక్కువ. 1992లో స్టింగ్ వివాహ వేడుకలో కొన్ని పాటలు వాయించారు. 2003 మార్చి 10న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బృందానికి స్థానం కల్పించినప్పుడు ఆ సభలో కొన్ని పాటలు వినిపించారు.

ఇదే సమయంలో ముగ్గురూ తమ గతాన్ని వేర్వేరుగా గ్రంథస్థం చేయసాగారు. స్టింగ్ ఆత్మకథ "బ్రోకెన్ మ్యూజిక్" 2003లోనూ, సమ్మర్స్ ఆత్మకథ "వన్ ట్రైన్ లేటర్" 2006లోనూ వెలువడ్డాయి. కోప్‌లాండ్ బృందంలో ఉండగా తాను తీసిన చిన్న కెమేరా దృశ్యాలను కూర్చి "ఎవ్రీవన్ స్టేర్స్" అనే డాక్యుమెంటరీ చిత్రంగా 2006లో విడుదల చేశాడు. పాత జ్ఞాపకాలు ఈ విధంగా మళ్ళీ ప్రజల ముందుకు రావడంతో పునస్సమాగమం గురించిన ఊహాగానాలు పెరిగాయి.

పునస్సమాగమ ప్రకటన

2007 సంవత్సరం బృందం ఏర్పడి ముప్పై ఏళ్ళు నిండిన సందర్భం. మళ్ళీ కలుద్దామన్న ప్రతిపాదన స్టింగ్ నుండి వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే అతడు 16–17 శతాబ్దాల ఆంగ్ల స్వరకర్త జాన్ డౌలాండ్ కీర్తనలను ల్యూట్ అనే ప్రాచీన తంత్రీవాద్యంతో పాడి ఒక ఆల్బమ్ విడుదల చేసి ఉన్నాడు. అటువంటివాడు తిరిగి రాక్ బృందం వైపు మళ్ళడం మిగిలిన ఇద్దరికీ ఆశ్చర్యం కలిగించింది.

2007 ఫిబ్రవరి 11న లాస్ ఏంజలెస్‌లో జరిగిన 49వ గ్రామీ పురస్కారాల సభ ది పోలీస్ బృందం పాడిన "రోక్సాన్" పాటతో ప్రారంభమైంది. మరునాడు అదే నగరంలోని విస్కీ ఎ గోగో అనే ప్రసిద్ధమైన చిన్న సంగీతశాలలో పత్రికా సమావేశం ఏర్పాటు చేసి యాత్ర వివరాలను ప్రకటించారు. అమెరికాలో టిక్కెట్టు ధరలు 50 డాలర్ల నుండి 225 డాలర్ల వరకు ఉన్నాయి. అప్పటి మారకపు విలువ ప్రకారం గరిష్ఠ ధర తొమ్మిది వేల రూపాయలకు పైమాటే. అయినా పెద్ద నగరాలలో తొలి కచేరీలకు టిక్కెట్లు వేగంగా అమ్ముడుపోవడంతో అదనపు కచేరీలు చేర్చవలసి వచ్చింది.

యాత్ర ప్రారంభమయ్యేనాటికి స్టింగ్ వయస్సు 55, కోప్‌లాండ్ వయస్సు 54, సమ్మర్స్ వయస్సు 64 సంవత్సరాలు.

సాధన, వాంకోవరులో ప్రారంభం

యాత్రకు ముందు ముగ్గురూ వారాల తరబడి సాధన చేశారు. పాత పాటలను పాత పద్ధతిలోనే వాయించాలా, మార్చాలా అన్నది సాధనలో ప్రధాన చర్చ. ఇరవై ఏళ్ళు తన సొంత బృందాలను నడిపిన స్టింగ్ ప్రతి వివరాన్ని ముందుగా నిర్ణయించడానికి అలవాటు పడ్డాడు. సినిమా సంగీత దర్శకుడుగా కోప్‌లాండ్ కూడా తన మాటే చివరి మాటగా పనిచేయడానికి అలవాటు పడినవాడే. ఎవరికి వారు నాయకులైన తరువాత మళ్ళీ సభ్యులుగా మారడం సులభం కాలేదు. వయస్సును బట్టి కొన్ని పాటలకు శ్రుతి తగ్గించారు. కొన్నింటికి కొత్త స్వరసంగతులు, నెమ్మదైన నడక చేర్చారు.

2007 మే 28న వాంకోవరులోని జి.ఎం. ప్లేస్ ప్రాంగణంలో యాత్ర అధికారికంగా ప్రారంభమైంది. "మెసేజ్ ఇన్ ఎ బాటిల్" తొలి పాట. ప్రేక్షకుల స్పందన ఉత్సాహంగా ఉన్నది.

వాంకోవరులోనే జరిగిన రెండవ కచేరీ అనంతరం కోప్‌లాండ్ తన వెబ్‌సైటులో ఆ రాత్రి ప్రదర్శనను తానే తీవ్రంగా విమర్శించాడు. పాట ఎత్తుగడలో ముగ్గురూ ఒకరికొకరు తప్పిపోవడం, తాళంలో తాను ఒకచోట ఉండగా మిగిలినవారు మరొకచోట ఉండటం, స్టింగ్ గాలిలోకి ఎగిరి దూకిన దూకుడు లయకు కుదరకపోవడం వంటి పొరపాట్లను హాస్యధోరణిలో ఏకరువు పెట్టాడు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన కళాకారుడు తన ప్రదర్శన బాగులేదని తానే వ్రాయడం అరుదు. కనుక అనేక దేశాల పత్రికలు దీనిని వార్తగా ప్రచురించి, బృందంలో మళ్ళీ కలహాలు మొదలైనట్లు చిత్రించాయి. కోప్‌లాండ్ ఉద్దేశం ఆత్మపరిహాసమే. ఇటువంటి పొరపాట్లు సరిదిద్దుకుంటూ యాత్ర ముందుకు సాగింది.

యాత్రా క్రమం

యాత్రను స్థూలంగా ఈ దశలుగా విభజించవచ్చును.

ఉత్తర అమెరికా (2007 మే – ఆగష్టు): జూన్ 16న టెనెసీ రాష్ట్రంలో జరిగిన బొనారూ సంగీతోత్సవంలో బృందం పాల్గొన్నది. జూలై 7న భూతాపంపై అవగాహన కోసం పలు ఖండాలలో ఒకేరోజు జరిగిన లైవ్ ఎర్త్ కచేరీలలో భాగంగా న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియంలో పాడారు. అక్కడ జాన్ మేయర్, కాన్యే వెస్ట్‌లు వారితో గొంతు, వాద్యం కలిపారు. జూలై చివర బోస్టన్ నగరంలోని ఫెన్‌వే పార్కులో రెండు కచేరీలు జరిగాయి.

ఐరోపా (2007 ఆగష్టు – అక్టోబరు): స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఆగష్టు 29న ఈ దశ మొదలైంది. సెప్టెంబరులో లండన్‌లోని ట్వికెన్‌హాం రగ్బీ మైదానంలోనూ, పారిస్‌లోని స్టాడ్ డి ఫ్రాన్స్‌లోనూ కచేరీలు జరిగాయి. పారిస్ వేదికపై తొలినాటి గిటారు వాద్యకారుడు హెన్రీ పాడొవానీ వచ్చి "నెక్స్ట్ టు యూ" పాటలో వాయించాడు. తనను తొలగించిన బృందంతో ముప్పై ఏళ్ళ తరువాత అతడు వేదిక పంచుకోవడం ఈ యాత్రలోని చెప్పుకోదగిన సంఘటనలలో ఒకటి. అక్టోబరు 6న ఐర్లాండులోని డబ్లిన్‌లో క్రోక్ పార్కు మైదానంలో పాడారు.

అమెరికా ఖండాలు (2007 చివరి నెలలు): మరికొన్ని ఉత్తర అమెరికా కచేరీల తరువాత బృందం దక్షిణ అమెరికా చేరింది. డిసెంబరు 1, 2 తేదీలలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోని రివర్ ప్లేట్ స్టేడియంలోనూ, డిసెంబరు 8న బ్రెజిల్‌లోని రియో డి జెనీరో నగరపు మరకానా మైదానంలోనూ కచేరీలు జరిగాయి.

న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, ఆసియా (2008 జనవరి – ఫిబ్రవరి): ఆసియాలో సింగపూరు, మకావు, జపాన్‌లలో కచేరీలు జరిగాయి.

ఉత్తర అమెరికా, ఐరోపా (2008 మే – ఆగష్టు): అదే ప్రాంతాలను మరొకసారి చుట్టారు. జూన్ 29న లండన్‌లోని హైడ్ పార్కులో పాడారు.

2007లోని పెక్కు కచేరీలలో ప్రధాన బృందానికి ముందుగా స్టింగ్ కుమారుడు జో సమ్నర్ నాయకత్వంలోని ఫిక్షన్ ప్లేన్ బృందం పాడింది. 2008 ఉత్తర అమెరికా దశలో ఎల్విస్ కాస్టెల్లో ఆ పాత్ర నిర్వహించాడు.

కచేరీ స్వరూపం

కచేరీ సుమారు రెండు గంటలు సాగేది. ఇరవై వరకు పాటలు ఉండేవి. 1983 నాటి సింక్రొనిసిటీ యాత్రలో ముగ్గురు సహగాయనులు ఉండగా, ఈసారి వేదిక మీద ముగ్గురు సభ్యులు తప్ప వేరెవ్వరూ లేరు. స్టింగ్ పెచ్చులూడిన తన పాత బేస్ గిటారునే వాయించాడు. కోప్‌లాండ్ వెనుక భాగంలో గంటలు, పెద్ద గాంగు, ఇతర తాళవాద్యాలతో కూడిన రెండవ అమరిక ఉండేది. "ర్యాప్డ్ అరౌండ్ యువర్ ఫింగర్" వంటి పాటలలో అతడు ఆ అమరికకు, డ్రమ్ములకు నడుమ పరుగులు తీస్తూ వాయించేవాడు.

ఉత్తర ఐర్లాండు హింసాకాండ నేపథ్యంలో 1981లో వెలువడిన "ఇన్విజిబుల్ సన్" పాట పాడేటప్పుడు వెనుక తెర మీద యుద్ధపీడిత, పేద దేశాల బాలల ఛాయాచిత్రాలు ప్రదర్శించేవారు. "రోక్సాన్", "కింగ్ ఆఫ్ పెయిన్", "సో లోన్లీ", "ఎవ్రీ బ్రెత్ యూ టేక్" పాటలు కచేరీ చివరి భాగంలో వచ్చేవి. తొలి ఆల్బమ్‌లోని మొదటి పాటయైన "నెక్స్ట్ టు యూ"తో ముగించడం ఆనవాయితీ. ఆ విధంగా కచేరీ ముగింపు బృందం ఆరంభ దినాలను గుర్తుచేసేది.

చివరి కచేరీ

ఈ యాత్ర తరువాత బృందం కొనసాగదని 2008 ప్రథమార్ధంలోనే స్పష్టమైంది. అదే సంవత్సరం మే నెలలో న్యూయార్కు మేయరు మైఖేల్ బ్లూంబర్గ్ సమక్షంలో చివరి కచేరీ ఆ నగరంలోనే జరుగుతుందని ప్రకటించారు. నగరంలో పది లక్షల మొక్కలు నాటే పథకానికి బృందం పది లక్షల డాలర్ల విరాళాన్ని కూడా ప్రకటించింది.

2008 ఆగష్టు 7న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ముగింపు కచేరీ ఆ ప్రాంతపు ప్రజా టెలివిజన్ కేంద్రాల సహాయార్థం ఏర్పాటైనది. న్యూయార్కు పోలీసు శాఖ వాద్యబృందం "మెసేజ్ ఇన్ ఎ బాటిల్" పాటలో వీరితో కలిసి వాయించింది. పోలీస్ అన్న పేరు గల బృందపు చివరి కచేరీలో నిజమైన పోలీసులు వాయించడం ప్రేక్షకులను అలరించింది. ఈ కచేరీతో ది పోలీస్ ప్రస్థానం ముగిసింది.

ఆర్థిక ఫలితం

2000 దశకం నాటికి అంతర్జాలం ద్వారా ఉచితంగా పాటలు పంచుకోవడం పెరిగి సంగీతపు సి.డి.ల అమ్మకాలు పడిపోయాయి. అంతవరకు ఆల్బమ్ అమ్మకాలకు ప్రచారంగా ఉపయోగపడిన కచేరీలే కళాకారులకు ప్రధాన ఆదాయ మార్గమయ్యాయి. 1980లలో విద్యార్థులుగా ఈ పాటలు విన్నవారు 2007 నాటికి సంపాదనపరులైన మధ్యవయస్కులు కావడం వలన ఎక్కువ ధర పెట్టి టిక్కెట్టు కొనగలిగారు. కొత్త ఆల్బమ్ లేకుండానే యాత్ర ఇంతటి ఆదాయం పొందడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు. 2007లో ఉత్తర అమెరికాలో అత్యధిక ఆదాయం పొందిన యాత్రగా ఇది నిలిచింది.

మరొక అంశం కూడా గమనింపదగినది. పాత పాటల రచనా రాయల్టీ ప్రధానంగా ఒక్కరికే చెందుతుండగా, కచేరీకి మాత్రం ముగ్గురి ఉనికి తప్పనిసరి. స్టింగ్ ఈ పాటలను తన ఒంటరి కచేరీలలో ఇరవై ఏళ్ళుగా పాడుతూనే ఉన్నాడు. అయినా ఈ యాత్రకు వచ్చినంత జనం రావడానికి కారణం, ఆ పాటలను ఆ ముగ్గురే కలిసి వాయించడం.

విమర్శకుల అభిప్రాయాలు

ప్రారంభ కచేరీలపై సమీక్షలు మిశ్రమంగా వచ్చాయి. పాటల వేగం తగ్గించడం వలన పాత పదును కొరవడిందని కొందరు అభిప్రాయపడ్డారు. వాద్యకారుల నైపుణ్యాన్ని, ముగ్గురే అంతటి నాదాన్ని పలికించడాన్ని మరికొందరు ప్రశంసించారు. కచేరీలు జరుగుతున్నకొద్దీ వాదనంలో పొందిక పెరిగింది.

సభ్యుల అభిప్రాయాలు సైతం ఒకటిగా లేవు. స్టింగ్ ఈ యాత్రను గతస్మృతుల విహారంగానే పరిగణించాడు. దానిని కొనసాగించడంలో తనకు ఆసక్తి లేదని తరువాతి సంభాషణలలో తెలిపాడు. కొత్త ఆల్బమ్ చేయకపోవడం పట్ల సమ్మర్స్ విచారం వ్యక్తం చేశాడు. కోప్‌లాండ్ 2009లో ప్రచురించిన "స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెన్" అనే గ్రంథంలో యాత్రలోని ఘర్షణలను, ఆనందాలను దాపరికం లేకుండా వర్ణించాడు.

సమకాలిక పునస్సమాగమాలు

విడిపోయిన బృందాలు తిరిగి కలిసి యాత్ర చేయడం ది పోలీస్‌తో మొదలైనది కాదు. పద్నాలుగేళ్ళు విడిగా ఉన్న అమెరికా బృందం ఈగల్స్ 1994లో మళ్ళీ కలిసింది. కొన్ని టిక్కెట్లకు వంద డాలర్లకు పైగా వసూలు చేయడం అప్పట్లో చర్చనీయాంశమైంది. 2006లో టేక్ దట్, 2007లో స్పైస్ గర్ల్స్, జెనెసిస్ బృందాలు యాత్రలు చేపట్టాయి. లెడ్ జెప్లిన్ 2007 డిసెంబరు 10న లండన్‌లో ఒకే ఒక్క కచేరీతో సరిపెట్టుకున్నది. స్వీడన్ బృందం అబ్బా పునస్సమాగమ యాత్ర చేయడానికి అంగీకరించలేదు. 2021లో కొత్త ఆల్బమ్ విడుదల చేసి, 2022 నుండి లండన్‌లో కంప్యూటరు సృష్టించిన తమ ప్రతిరూపాలతో ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. టేక్ దట్ పునస్సమాగమం తరువాత కొత్త పాటలతో శాశ్వతంగా కొనసాగింది. ది పోలీస్ మాత్రం ఒక్క యాత్రతో ఆగిపోయింది.

తరువాతి పరిణామాలు

బ్యూనస్ ఎయిర్స్ కచేరీల చిత్రీకరణ 2008 నవంబరులో "సర్టిఫయబుల్" అనే పేరుతో విడుదలైంది. దానితోపాటు కోప్‌లాండ్ కుమారుడు జోర్డన్ కోప్‌లాండ్ తీసిన యాత్రా విశేషాల డాక్యుమెంటరీ కూడా వెలువడింది. "మానసిక చికిత్స కంటే మేలు" అని అర్థం వచ్చే దాని పేరు సభ్యుల మధ్య సంబంధాలను పరిహాసంగా సూచిస్తుంది. సమ్మర్స్ ఆత్మకథ ఆధారంగా తీసిన "కాంట్ స్టాండ్ లూజింగ్ యూ" అనే డాక్యుమెంటరీలోనూ ఈ యాత్రా దృశ్యాలు ఉన్నాయి.

2025లో సమ్మర్స్, కోప్‌లాండ్‌లు అంతర్జాల శ్రవణ సేవల ద్వారా వచ్చే ఆదాయంలో తమకు రావలసిన వాటా గురించి స్టింగ్ మీద లండన్ హైకోర్టులో దావా వేశారు. సభ్యుల మధ్య కుదిరిన ఒప్పందపు అన్వయం గురించిన వివాదమిది. పాటలో రచయిత వాటా ఎంత, వాద్యకారుల వాటా ఎంత అన్న పాత ప్రశ్న దీనితో న్యాయస్థానం ముందుకు వచ్చింది.

భారతదేశంతో సంబంధం

2007–2008 యాత్రలో భారతదేశంలో కచేరీ జరుగలేదు. అయితే అంతకు ముందు 1980 మార్చిలో ది పోలీస్ బృందం బొంబాయి (నేటి ముంబై) నగరంలోని రంగ్ భవన్ ఆరుబయలు రంగస్థలంపై కచేరీ చేసింది. పాశ్చాత్య రాక్ బృందాలు భారతదేశానికి రావడం అత్యంత అరుదైన ఆ రోజులలో టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ అనే మహిళా సేవాసంస్థ ఈ కచేరీని ఏర్పాటు చేసింది. ఆనాడు కైరో వంటి, రాక్ బృందాలు సాధారణంగా వెళ్ళని నగరాలలో కూడా పాడటం బృందం ప్రత్యేకత. పునస్సమాగమ యాత్ర అందుకు భిన్నంగా పెద్ద స్టేడియంలు, ఖరీదైన టిక్కెట్లు కొనగల ప్రేక్షకులు ఉన్న దేశాలకే ప్రధానంగా పరిమితమైంది.